వాసన తెలియని అమ్మ, గట్టు కింద గ్యాస్ బండ: ఇంట్లో ప్రమాదం ఎంతో ఎలా తేల్చుకోవాలి?

కోటిపల్లి రేవు | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మ రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. డెబ్బై దాటింది. కోవిడ్ వచ్చి తగ్గాక వాసన సరిగ్గా తెలియడం లేదు. ఊదొత్తి ముక్కు దగ్గర పెట్టినా ఏదో లీలగా తెలుస్తుందంటుంది. ఈమధ్యే వంటగది కొత్తగా చేయించాం. బండ ఇప్పుడు గట్టు కింద, తలుపులున్న అరలో ఉంది. మోకాళ్ల నొప్పుల వల్ల వంగి రెగ్యులేటర్ ఆపడం ఆవిడ చేత కావడం లేదు. ఫ్రిజ్ వంటగదిలోనే, దేవుడి గూడూ అక్కడే. ఒక కిటికీ, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నాయి.

నేనుండేది పుణెలో. భయపెట్టే వీడియోలు చాలా చూశాను గానీ, మా ఇంట్లో ప్రమాదం అసలు ఎంతుంది, ఎక్కడుంది అని తేల్చుకోవడానికి ఒక్కటీ పనికిరాలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రబండి | సోమవారం రాత్రి 10:15

నేను అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ముందు ఒక మాట చెప్పుకుందాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. అందరూ బండను చూసి భయపడతారు. మేం వెళ్లిన చాలా ఇళ్లలో వంటగది గోడ పడిపోయి, తలుపులు ఊడి వీధిలో పడి ఉన్నా, బండ మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే, చెక్కు చెదరకుండా ఉండేది. పేలింది బండ కాదు, గదిలో నిండిన గ్యాస్. బండే పగలాలంటే దాన్ని బయటి మంట చాలాసేపు కాల్చాలి. అలా జరిగితే మహా ఘోరంగా ఉంటుంది, కానీ ఇళ్లలో అరుదు.

కాబట్టి మీ అమ్మగారి ఇంటి గురించి వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడు. గ్యాస్ ఎక్కడి నుంచి కారగలదు? కారితే ఎక్కడ నిలుస్తుంది? అక్కడికి నిప్పు ఎలా చేరుతుంది? మీరు రాసిన దాంట్లో నన్ను కలవరపెట్టింది రెండోది. తలుపులున్న అర.

అణువు పరమాణువు | సోమవారం రాత్రి 11:05

కెమికల్ ఇంజనీర్‌ని. ఎర్రబండి గారి రెండో ప్రశ్నకు కొంచెం లెక్క జోడిస్తాను. ఉజ్జాయింపు లెక్కే, కానీ మనసులో ఉంటే మంచిది.

మన ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం. గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అందుకే కారితే పైకి పోదు, నేల మీద నీళ్లలా పాకుతుంది. గాలిలో సుమారు 1.8 శాతం చేరితే అంటుకోగలదు, 9.5 శాతం దాటితే అంటుకోవడానికి గాలి చాలదు. ఈ రెండింటి మధ్యే ప్రమాదం.

8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు వంటగది తీసుకుందాం. 800 ఘనపుటడుగులు, అంటే 22 ఘనపు మీటర్ల పైచిలుకు. గది మొత్తం సమానంగా 1.8 శాతానికి రావాలంటే దాదాపు ఒక కిలో గ్యాస్ కావాలి. బండలో ఉండేది 14.2 కిలోలు. ఇప్పుడు అదే గ్యాస్ కింది ఒక్క అడుగు ఎత్తులోనే నిలిచిందనుకోండి, 100 గ్రాములు చాలు. పొయ్యి బర్నర్ గంటకు సుమారు 150 నుంచి 200 గ్రాములు తాగుతుంది. అంటే పాలు పొంగి మంట ఆరిపోయి, నాబ్ తెరిచే ఉండిపోతే, నేల దగ్గర ప్రమాదకరమైన పొర ఏర్పడటానికి అరగంట, ముప్పావుగంట చాలు. రాత్రంతా అలా ఉంటే గది గదే నిండుతుంది. నిజంలో గ్యాస్ గట్టు మీద నుంచి దిగుతూ కొంత గాలితో కలుస్తుంది, తలుపు కింది సందులోంచి కొంత పోతుంది. అయినా ఎంత సేపట్లో ఎంత అన్నది దీన్నిబట్టి అర్థమవుతుంది.

గట్టు కింద అర అయితే గది కన్నా ఎన్నో రెట్లు చిన్నది. వాషర్ దగ్గర సన్నగా కారినా అందులో త్వరగా నిండుతుంది.

కోటిపల్లి రేవు | మంగళవారం ఉదయం 7:20

ఈ లెక్క చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అయినా ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తోంది, మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. పైన ఎగ్జాస్ట్ ఉందిగా, అది కొంత లాగేయదా?

ఎర్రబండి | మంగళవారం ఉదయం 8:02

లాగదమ్మా. గ్యాస్ ఉండేది కింద, ఫ్యాన్ ఉండేది పైన. అంతకన్నా ముఖ్యం, గ్యాస్ కారిందన్న అనుమానం వచ్చాక ఆ ఫ్యాన్ స్విచ్ ముట్టుకోకూడదు. వేయకూడదు, వేసి ఉంటే ఆపకూడదు. స్విచ్ లోపల పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఫ్రిజ్ విషయం ఇంకా కష్టం. ఎవరూ ముట్టుకోకపోయినా దానంతట అది ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది. తెల్లవారుజామున లేచి వంటగది లైటు వేయగానే పేలిన ఇళ్లు నా సర్వీసులో చూశాను.

దేవుడి గూడు గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. అమ్మగారు పొద్దున్నే లేచి పొయ్యి కన్నా ముందు దీపం వెలిగిస్తారా? అఖండ దీపం ఏమైనా ఉందా?

కోటిపల్లి రేవు | మంగళవారం ఉదయం 8:30

అఖండ దీపం లేదండీ, కార్తీకంలో మాత్రం పెడుతుంది. రోజూ స్నానం చేసి రాగానే దీపమే మొదట. కిటికీ ఇంకా తీయకముందే.

ఎర్రబండి | మంగళవారం ఉదయం 8:41

అయితే గూడు హాల్లోకి మార్చండి. అప్పటిదాకా ఒక నియమం పెట్టండి: లేవగానే వంటగది తలుపు, కిటికీ బార్లా తీసి, కాస్త ఆగాకే లైటు, దీపం, పొయ్యి. వాసన తెలిసిన వాళ్లకు గుమ్మంలోనే ముక్కు చెప్పేస్తుంది. ఆవిడకు ఆ ఆసరా లేదు.

బండల మల్లేశ్ | మంగళవారం మధ్యాహ్నం 1:10

అక్కా, నేను వరంగల్ దిక్కు గ్యాస్ ఏజెన్సీల మెకానిక్. ఇంట్ల కారేది ఎక్కువ నాలుగు తావులల్ల. బండ మూతి లోపల ఉండే రబ్బరు వాషర్, రెగ్యులేటర్ కూసునే కాడ, పైపు రెండు కొసలు, పొయ్యి నాబులు. బండ పక్కకెళ్లి కారుడు చానా తక్కువ.

బండ తెచ్చినప్పుడు ఆ పిల్లగాని ముంగటనే సీలు తీయించి, మూతిల నాలుగు నీటి చుక్కలు పోయమనుర్రి. బుడగలొస్తే వాషరో పిన్నో పోయినట్టు. ఆ బండ అక్కడికక్కడే వాపసు చెయ్యాలె. తూకం కూడ ఏపిచ్చుకోవచ్చు, అది మీ హక్కు. బండ మెడకాడ పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ జూలై నుంచి సెప్టెంబర్, డీ అక్టోబర్ నుంచి డిసెంబర్. సీ-27 అని ఉంటే 2027 సెప్టెంబర్ దాటినంక ఆ బండను మళ్ల పరీక్ష చెయ్యకుండ ఇంటికియ్యొద్దు.

పైపు ఏం వాడుతున్నరు? పచ్చ రంగుదా, నారింజ రంగు సురక్షనా?

కోటిపల్లి రేవు | మంగళవారం మధ్యాహ్నం 1:45

వంటగది చేసినవాళ్లు అర వెనక పలకకు చిల్లు పెట్టి లాగారు తమ్ముడూ. పక్కింటి అమ్మాయితో ఫోటో తీయించాను. నారింజ రంగుదే, కానీ మీద ఉన్న సంవత్సరం చెరిగిపోయింది. చిల్లు దగ్గర పలక అంచు ఒరుసుకుంటోంది.

బండల మల్లేశ్ | మంగళవారం మధ్యాహ్నం 2:20

రేపే మార్పియ్యుర్రి. సురక్ష పైపు అయిదేండ్లకు మార్చాలె. సంవత్సరం కనబడకుంటే దాని గడువు అయిపోయిందనే లెక్క. దాంట్ల లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటది, అందుకే ఎలుక కొరికినా జల్దీ తెగది. కని పలక అంచు రోజూ ఒరుసుకుంటే ఎంతకాలమని ఆగుతది? పైపు మీటరున్నర కన్న పొడుగుండొద్దు, నడుమ అతుకులు ఉండొద్దు, మొత్తం కంటికి కనబడాలె. పలక వెనక దాగిన పైపును ఎవ్వరూ చూడరు.

కారుతుందా లేదా చూసుడు సబ్బు నీళ్లతోనే. అగ్గిపుల్ల గీసి చూసే మనుషులు ఇంకా ఉన్నరు, చూస్తే గుండె ఆగినంత పనైతది. దయచేసి ఎవ్వరూ చెయ్యకుర్రి.

ఇటుకా సున్నం | మంగళవారం సాయంత్రం 6:30

సివిల్ ఇంజనీర్‌ని. కొత్త వంటగదులు చేసేవాళ్లలో చాలామందికి బండ ఒక వికారమైన వస్తువు, ఎలాగైనా కనబడకుండా చేయాలి, అంతే. అర తలుపు కింది భాగంలో జాలీ ఉండి తీరాలి. పైన కాదు, కింద. నేలకు ఆనుకునే. ఇంకా మంచిది ఆ అర తలుపులే తీసేయడం. అన్నిటికన్నా మంచిది బండను వెనక వరండాలో నీడన పెట్టి, ఏజెన్సీ మెకానిక్ చేత రాగి గొట్టం వేయించడం. ఒక్కటి చూసుకోవాలి, బండ పెట్టిన చోట మురుగు కాలువ మూతి, డ్రైనేజీ తూము ఉండకూడదు. బరువైన గ్యాస్ అందులోకి దిగి ఇంకెక్కడో తేలుతుంది. అదే కారణంతో అపార్ట్‌మెంట్ సెల్లార్లలో బండలు నిల్వ చేయడం ఎంత మాత్రం పనికిరాదు.

ఇల్లు ఎంత గట్టిదైతే అంత మేలు అనుకుంటారు గానీ, 1968 మే 16 తెల్లవారుజామున లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో ఏమైందో మా రంగంలో అందరికీ పాఠంగా చెబుతారు. 18వ అంతస్తులో ఒకావిడ టీ పెట్టుకోవడానికి అగ్గిపుల్ల గీసింది. పొయ్యి వెనక గ్యాస్ గొట్టాన్ని కలిపే ఇత్తడి నట్టు నాసిరకంది, పగిలి రాత్రి గ్యాస్ కారింది. ఆ పేలుడుకు బరువు మోసే గోడ పలక బయటికి జారింది. పైనున్న అంతస్తులు కూలి, ఆ బరువుకు కిందివీ వరసగా కూలాయి. నలుగురు పోయారు. పొయ్యి వెలిగించిన ఆవిడ బతికింది. ఆ తర్వాతే ఒక గోడ పోతే భవనం మొత్తం పోకూడదన్న నియమం కట్టడాల చట్టాల్లోకి వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అపార్ట్‌మెంట్‌లో నా గ్యాస్, నా ఇష్టం అనే మాటకు తావు లేదు.

పాలమూరు పిల్ల | మంగళవారం రాత్రి 8:15

నాది వేరే ప్రశ్న. హైదరాబాద్‌లో రూములో ముగ్గురం ఉంటాం. మా పక్క రూముల వాళ్లు గల్లీ దుకాణంలో చిన్న బండ నింపించుకొస్తారు. పెద్ద బండ నుంచి చిన్నదాంట్లోకి ఎక్కిస్తారు, కిలో లెక్కన డబ్బులు. అది ఎంత ప్రమాదం? చెప్తే వినరు, చేతిలో కనెక్షన్ లేదు కదా అంటారు.

బండల మల్లేశ్ | మంగళవారం రాత్రి 8:50

చెల్లె, గీ చర్చల అన్నిటికన్న పెద్ద ప్రమాదం నువ్వు చెప్పిందే. గా చిన్న బండకు పరీక్ష తారీఖుండదు, రేకు మందం ఎవ్వలికీ తెల్వది. నింపేటప్పుడు ఎంత ఎక్కించాలన్న కొలత ఉండది. ద్రవం విస్తరించనీకె కొంత జాగ ఖాళీ ఉంచాలె, వాళ్లు మూతిదాంక నింపుతరు. ఎండకు పెడితే ఏమైతదో ఆలోచించు. నింపుతాంటే గల్లీల కారే గ్యాస్ వేరే.

కనెక్షన్ లేకున్నా అయిదు కిలోల బండ కంపెనీలే అమ్ముతయి. ఇండేన్‌ల దాన్ని ఛోటు అంటరు. ఒక గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, అడ్రసు కాగితాలు అడగరు. మీ పక్కోళ్లకు అది చెప్పు.

కోనసీమ కుర్రాడు | మంగళవారం రాత్రి 10:40

మాది మామిడికుదురు దగ్గర. ఇంట్లో బండ గురించి ఇంత మాట్లాడుకుంటున్నారు, సంతోషం. మా ఊళ్లలో మాత్రం ప్రమాదం ఇంటి బయట భూమిలో ఉంటుందండీ. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గెయిల్ కంపెనీ గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. తెల్లారగట్ల గ్యాస్ ఊరి మీద పరుచుకుని ఉంటే, టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. కొబ్బరి చెట్లు మొదళ్ల దాకా మాడిపోయాయి. బండలో గ్యాస్‌కి వాసన కలుపుతారు, ఆ పెద్ద లైన్లలో వెళ్లే గ్యాస్‌కి కలపరు. ఊరంతటికీ ముక్కులు బాగానే ఉన్నాయి, అయినా ఏం లాభం?

పొలంలో పైపులైను మీద గడ్డి ఎండిపోయినట్టు ఉన్నా, తడి నేలలో, కాలువలో బుడగలు వస్తున్నా, బుస్సుమని శబ్దం వినబడినా దూరం జరిగి, గట్టు మీద కంపెనీ బోర్డుపై ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. మావాళ్లు ఆ నంబర్లు ఇంటి గోడ మీద రాసుకున్నారు.

అణువు పరమాణువు | మంగళవారం రాత్రి 11:20

మీ మాట చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మీరు చెప్పిన వాసన సంగతి నిజం. ఎల్పీజీకి సహజంగా వాసన ఉండదు, ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. అంటుకునే స్థాయిలో ఐదో వంతు ఉన్నప్పుడే ముక్కుకు తగిలేలా కలపాలన్నది పద్ధతి. అంటే మామూలు ముక్కు ఉన్నవాళ్లకు ముందే హెచ్చరిక దొరుకుతుంది. కానీ అదే గదిలో చాలాసేపు ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది. జలుబులో, వయసు మీద పడ్డాక, కోవిడ్ తర్వాత ఆ హెచ్చరిక ఉండకపోవచ్చు. అందుకే రేవు గారి అమ్మగారికి గ్యాస్ అలారం తప్పనిసరి. నేలకు ఒక అడుగు ఎత్తులోపు పెట్టాలి. పొయ్యి పక్కనే వద్దు, దోమల మందు కొట్టినా, శానిటైజర్ ఆవిరి తగిలినా అరుస్తుంది. అరుస్తోందని ప్లగ్గు పీకేసిన ఇళ్లు ఎన్నో. సెన్సర్‌కు కాలపరిమితి ఉంటుంది, అట్ట మీద చూసుకుని మార్చాలి. గ్యాస్ తగలగానే సరఫరా ఆపేసే వాల్వు ఉన్న రకం దొరికితే అదే కొనండి.

మియాపూర్ ఫ్లాట్ | బుధవారం ఉదయం 7:50

మాకు పైపు గ్యాస్ వచ్చింది, భాగ్యనగర్ గ్యాస్ వాళ్లది. అలారం కింద పెట్టమంటున్నారు. మాకూ అంతేనా?

అణువు పరమాణువు | బుధవారం ఉదయం 8:10

కాదండీ, మీకు పూర్తిగా తిరగబడుతుంది. పైపులో వచ్చేది సహజవాయువు, దాదాపు అంతా మీథేన్. గాలి కన్నా తేలిక, పైకప్పు కింద చేరుతుంది. 5 నుంచి 15 శాతం మధ్య అంటుకుంటుంది. అలారం పైకప్పుకు దగ్గరగా పెట్టండి, గోడ పైభాగంలో గాలి పోయే జాలీ మూయకండి. ఇంట్లో బండ నిల్వ ఉండదు గనక ఒక భయం తగ్గుతుంది. కానీ లైను వాల్వు ఆపేదాకా గ్యాస్ వస్తూనే ఉంటుంది, 14 కిలోలతో అయిపోదు. ఊరెళ్లేటప్పుడు మీటరు దగ్గరి వాల్వు తిప్పండి.

ఆండోవర్ వాసి | బుధవారం ఉదయం 9:35

మసాచుసెట్స్ నుంచి రాస్తున్నాను. 2018 సెప్టెంబర్ 13న మా లారెన్స్, ఆండోవర్, నార్త్ ఆండోవర్ ఊళ్లలో ఒక్క సాయంత్రం పదుల ఇళ్లు అంటుకున్నాయి, పేలాయి. ఒక కుర్రవాడు చనిపోయాడు. ఇళ్లలో ఎవరి తప్పూ లేదు. పాత పోత ఇనుప లైను మారుస్తూ, ఒత్తిడి కొలిచే గొట్టాన్ని వదిలేసిన పాత లైనుకే ఉంచేశారు. అందులో ఒత్తిడి పడిపోతుంటే, ఊరి లైనులో ఒత్తిడిని అదుపు చేసే కంపెనీ రెగ్యులేటర్ అది ఊరి లైనులోనే పడిపోతోందనుకుని పూర్తిగా తెరుచుకుంది. ఇళ్లలోకి మామూలు కన్నా ఎన్నో రెట్ల ఒత్తిడితో గ్యాస్ తోసుకొచ్చింది. పైపు గ్యాస్ ఉన్నవాళ్లకు ఒక గుర్తు: పొయ్యి మంట ఉన్నట్టుండి చాలా పెద్దదైతే పొయ్యి తప్పనుకుని సర్దుతూ కూర్చోకండి. ఆపేసి, అందరూ బయటికొచ్చి, అక్కడి నుంచి ఫోన్ చేయండి.

కోటిపల్లి రేవు | బుధవారం మధ్యాహ్నం 12:30

ఇప్పటిదాకా తేల్చుకున్నవి: పైపు ఇవాళ మార్చేశారు, అర తలుపులు తీయించేశాం, అలారానికి ఆర్డరిచ్చాను. మిగిలింది అమ్మ మోకాళ్లు. రాత్రిపూట రెగ్యులేటర్ ఆపడం ఎలా? ఇండక్షన్ అంటే ఒప్పుకోదు. కరెంటు పోతే ఏం తినాలి అంటుంది.

ఎర్రబండి | బుధవారం మధ్యాహ్నం 1:15

రెగ్యులేటర్ ఆపడం ఒక్కటి చేస్తే పైపు, నాబులు, పొయ్యి, అన్నీ ఒకేసారి ప్రమాదంలోంచి బయటపడతాయి. దానికి దారి వెతకాల్సిందే. ఇటుకా సున్నం గారు చెప్పినట్టు బండ వరండాకు మారితే ఎత్తు పీట మీద పెట్టొద్దు. గట్టు పక్కన నడుము ఎత్తులో రాగి గొట్టానికి ఒక వాల్వు పెట్టించండి. అది పొయ్యి వైపు సంగతి చూస్తుంది. బండ దగ్గరి రెగ్యులేటర్ మాత్రం రాత్రి పక్కింటి అమ్మాయో, పనమ్మాయో వెళ్లేముందు ఆపాలి. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే పొయ్యిలు ఉన్నాయి, పాలు పొంగే భయానికి అదే మందు. ఇక ఇండక్షన్. పొద్దున కాఫీ, రాత్రి పాలు, ఈ రెండూ దాని మీదకు మారిస్తే ఒంటరిగా, నిద్రకళ్లతో గ్యాస్ ముట్టుకునే సమయాలు పోతాయి. కరెంటు లేనప్పుడు గ్యాస్ ఉండనే ఉంటుంది. ఆవిడతో అలా చెప్పి చూడండి.

ఇటుకా సున్నం | బుధవారం మధ్యాహ్నం 2:05

గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. బాత్రూము లోపల పెట్టకండి. అక్కడ పేలుడు కన్నా ముందు కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది. దానికి వాసన ఉండదు, గ్యాస్ అలారం దాన్ని పట్టదు.

బండల మల్లేశ్ | బుధవారం సాయంత్రం 5:40

ఇన్సూరెన్స్ సంగతి ఎవ్వరూ తీయలే. కంపెనీల దిక్కు నుంచి ఉంటది, మనం పైస కట్టేది లేదు. మనిషి పోతే 6 లక్షలు, దవాఖాన ఖర్చు మనిషికి 2 లక్షల దాంక, ఒక్క ప్రమాదానికి అందరికీ కలిపి 30 లక్షలు మించకుండ. ఇల్లు, సామాను నష్టానికి 2 లక్షల దాంక, కని కనెక్షన్ ఏ అడ్రసు మీద ఉందో ఆ ఇంటికే. దోస్తు పేరు మీదున్న బండ తెచ్చుకుని కిరాయింట్ల పెట్టుకుంటే ఆ ముక్క రాదు. ఇల్లు మారితే అడ్రసు మార్పిచ్చుకోవాలె. ప్రమాదమైతే వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగ చెప్పి కాగితం దాసుకోవాలె. పైపు, రెగ్యులేటర్ కొన్న రశీదులు కూడ దాసుకోవాలె.

పాలమూరు పిల్ల | బుధవారం రాత్రి 8:30

ఎర్రబండి గారూ, ఒకటి అడుగుతాను. నిజంగా బండ దగ్గర మంట లేస్తే తడి గోనెసంచి కప్పాలని కాలేజీలో చూపించారు. కొందరేమో ఆర్పొద్దు అంటారు. ఏది నిజం? అసలు మంట లేకుండా ఊరికే కారుతుంటే బండను బయటికి మోయాలా?

ఎర్రబండి | బుధవారం రాత్రి 9:25

రెండూ నిజమేనమ్మా, అయితే వరస ముఖ్యం. మంటకన్నా ముందు గ్యాస్ ఆగాలి. రెగ్యులేటర్ నాబ్ చేతికి అందేలా ఉంటే తిప్పేయండి, మంట దానంతట అదే చస్తుంది. నాబ్ దగ్గరే మంట ఉంటే తడి గోనెసంచో, తడి దుప్పటో మీద నుంచి కప్పి, దాని కిందుగా నాబ్ తిప్పుతాం. కాలేజీలో మీకు చూపించింది అదే. నాబ్ ఆపలేమని తెలిసినా మంట మాత్రం ఆర్పేస్తే, గ్యాస్ గదిలో నిండుతూ ఉంటుంది, పక్కన ఎక్కడో నిప్పు తగిలి అప్పుడు పేలుతుంది. అలాంటప్పుడు అందరినీ తీసుకుని బయటికి వచ్చేయండి, 101కి ఫోన్ చేయండి. బండను మంట కాలుస్తుంటే ఎవరూ దగ్గరికి పోకూడదు, వీడియో కోసం అసలే పోకూడదు.

మంట లేకుండా కారుతుంటే ఏ స్విచ్చీ ముట్టుకోకండి. దీపం ఉంటే ఆర్పండి, తలుపులు, కిటికీలు తీయండి, నాబ్ ఆపండి. మెయిన్ స్విచ్ ఇంటి బయట ఉంటేనే కట్టేయండి, లోపల ఉంటే వదిలేయండి. రెగ్యులేటర్ ఆపినా బండ మూతి దగ్గర కారుతుంటే, రెగ్యులేటర్ ఊడదీసి నైలాన్ దారంతో వేలాడే సేఫ్టీ మూత గట్టిగా నొక్కి బిగించండి. చాలాసార్లు దాంతో ఆగిపోతుంది. అప్పుడే బండను నిలువుగా పట్టుకుని, దొర్లించకుండా, ఆరుబయటికి చేర్చండి. డ్రైనేజీ మూతలకు, పార్కింగ్‌లోని బళ్లకు, కింద టిఫిన్ బండి ఉంటే దానికి దూరంగా పెట్టండి. మూత బిగించినా ఆగకపోతే మోయకండి, మనుషులు బయటికి రావడమే పని. ఫోన్ కూడా ఇంటి బయటికొచ్చాకే. గ్యాస్ లీకుకు 1906, రాత్రీ పగలూ పలుకుతుంది. మీ అంతస్తులో తలుపులు కొట్టి అందరికీ చెప్పండి, కాలింగ్ బెల్ మాత్రం నొక్కకండి.